రెండో మూడో

మా అక్కతో కూరగాయల కొట్టుకు వెళ్ళడం కంటే ఆ పూట పస్తుండటం నయం. ప్రతి కాయనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్ళు సగం మూసుకుని, తల కాస్త పక్కకు వంచి, లోపల ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు నొక్కుతుంది. కొట్టువాడు ఓసారి విసిగిపోయి, "అమ్మా, అది టమాటా. లోపల కూడా టమాటానే ఉంటుంది" అన్నాడు. మా అక్క ఆ కాయను పక్కన పెట్టేసి ఇంకోటి తీసుకుంది. పిల్లల బుగ్గలు నొక్కుతుంది, దిండ్లు నొక్కుతుంది, మేం కొత్తగా కొన్న పరుపును నొక్కి "ఇక్కడేదో గట్టిగా ఉంది" అని మా ఆయనకు వారం రోజులు నిద్ర లేకుండా చేసింది. ఉద్యోగం చేసిన అలవాటు, ఏం చేస్తాం. ముప్పై ఏళ్ళుగా ఆస్పత్రి ల్యాబులో ఆవిడ పని అదే: ఆపరేషన్ గది నుంచి డబ్బాలో వచ్చిన కొవ్వు ముద్దను తీసుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, అందులో దాక్కున్న చిన్న చిన్న గ్రంథులను వెతికి పట్టుకోవడం. అవీ కొవ్వు రంగులోనే ఉంటాయట, కంటికి ఆనవట, వేళ్ళకే తెలుస్తాయట. ఆ వేళ్ళు ఇప్పుడు ఫిజియోథెరపీ గదిలో తెర అవతల కుర్చీలో కూర్చుని సంచీ పిడిని నొక్కుతున్నాయి. నేను ఇవతల బల్లమీద వెల్లకిలా పడుకుని, వాచిన ఎడమ చేతిని దిండుమీద పెట్టుకుని, ఆవిడ నోరు తెరుస్తుందేమోనని చూస్తున్నాను. ఈ వైద్యానికి నాకిచ్చిన సమయం గంట. ఆవిడకు నేనిచ్చిన సమయమూ అంతే, ఆ సంగతి ఆవిడకు తెలియదు.

ఫిజియోథెరపీ అమ్మాయి ముందు టేపుతో కొలిచింది. మణికట్టు, మోచేతికి కింద, మోచేతికి పైన, రెండు చేతులూ. కుడిచెయ్యి నాది, ఎడమది బాగా తిని కూర్చున్న మనిషెవరిదో. మోచేతికి పైన అయిదు సెంటీమీటర్ల తేడా. తర్వాత చార్టు తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆపరేషన్ ఎప్పుడమ్మా? మూడేళ్ళయింది. దేనికి? రొమ్ములో గడ్డ, క్యాన్సరు. ఆ తర్వాత? మందులెక్కించారు, రేడియేషను ఇచ్చారు, జుట్టు పోయింది, వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చింది. ఆ అమ్మాయి నవ్వింది. "చంకలో లింఫు గ్రంథులు ఎన్ని తీశారు?" ఈ ప్రశ్న కోసమే మూడు రోజులుగా కాచుకుని ఉన్నాను. "అవన్నీ మా అక్కకే బాగా తెలుసు. అక్కా, ఎన్ని?" సంచీ పిడి కిర్రుమనడం ఆగింది. ఒక్క క్షణం. నిజం చెప్పాలంటే అరక్షణం. "రెండో మూడో" అంది మా అక్క. ఆ అమ్మాయి రాసుకుంది. పెన్ను కాగితం మీద గీసుకున్న చప్పుడు కూడా నాకు వినిపించింది.

ఇరవై ఒకటి. ఆ కాగితం నా సంచీలో, నీళ్ళ సీసా పక్కన, నాలుగు మడతల్లో ఉంది. నెల క్రితం గుండీ కుడుతుంటే ఎడమచేతి వేలికి సూది దిగింది. సూది దిగడం నాకు కొత్తా, ముప్పై ఏళ్ళ సంసారంలో నా వేళ్ళు జల్లెడ. కానీ ఈసారి సాయంత్రానికి చెయ్యంతా ఎర్రబారి, పొయ్యిలోంచి తీసినట్టు కాలిపోయి, చలిజ్వరం ముంచుకొచ్చింది. ఇంటి దగ్గర క్లినిక్కులో కుర్ర డాక్టరు చూసి, అప్పుడు ఎన్ని గ్రంథులు తీశారండీ అన్నాడు. రెండో మూడో అన్నాను, పాఠం అప్పజెప్పినట్టు. ఆయన నమ్మలేదు. జ్వరం తగ్గాక, ఆపరేషన్ జరిగిన అక్కవాళ్ళ ఆస్పత్రికి రాసి రిపోర్టు నకలు తెప్పించి, మూడు రోజుల క్రితం నా చేతిలో పెట్టాడు. ఇరవై ఒకటి తీశారు, రెండింట్లో జబ్బు ఉంది. సూది తగలనివ్వకూడదు, ఈ చేతికి బీపీ పట్టీ కట్టించకూడదు, కాలకూడదు, గీసుకోకూడదు, వాపు మొదలైన రోజే రావాలి, ఇవన్నీ మీకప్పుడు చెప్పలేదా అన్నాడు. నేను సంతకాల వైపు చూస్తున్నాను. పరీక్షకు గ్రంథులు వేరు చేసినవారు అన్నచోట పొట్టి సంతకం, చివర కొక్కెం. మా పెళ్ళి కాగితం మీద సాక్షిగా అక్క పెట్టిన సంతకానికీ అదే కొక్కెం.

ఆ అమ్మాయి చేతులు చల్లగా ఉన్నాయి. వాచింది చెయ్యయితే మెడ దగ్గర మొదలుపెట్టింది. కంఠం ఎముక పైన ఉన్న చిన్న గుంటలో రెండు వేళ్ళు ఆనించి, చర్మాన్ని మాత్రమే, అదీ ఈగ వాలితే ఎంత బరువో అంత బరువుతో, నెమ్మదిగా జరిపి వదిలేస్తోంది. ఇదేం మర్దనా, మా ఆయన ఇంతకంటే గట్టిగా ఉత్తరాలకు తపాలా బిళ్ళలు అంటిస్తారు. "ఒంట్లో ఉన్న లింఫంతా చివరికి ఇక్కడికే వచ్చి రక్తంలో కలుస్తుందమ్మా. ముందు గుమ్మం దగ్గర ఖాళీ చెయ్యాలి, అప్పుడే వెనకున్నది కదులుతుంది" అంది. సినిమా వదిలాక హాల్లోంచి బయటపడటం లాంటిదన్నమాట, తలుపు దగ్గరున్నవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ నిలబడితే వెనకవాళ్ళం ఎంత తోసుకున్నా లాభం లేదు. రెండు కాళ్ళనుంచీ, పొట్టనుంచీ వచ్చే పెద్ద కాలవ నడుము లోపలినుంచి వెన్నెముక వెంట పైకెక్కి ఈ ఎడమ గుంట దగ్గరే సిరలో పడుతుంది. కుడిచేతికీ, కుడివైపు తలకూ, ఛాతీకీ మాత్రం కుడిపక్కన వేరే చిన్న దారి. ఇంత అన్యాయపు పంపకం ఎవరు చేశారో, పెద్దపిల్లకు నాలుగో వంతు, చిన్నపిల్లకు మిగతా ఇంటి చాకిరీ అంతా. నాకిదంతా తెలుసు. తెలిసి మరిచిపోయినదాన్ని ఇప్పుడు ఒంటిమీద వేళ్ళతో గుర్తుచేస్తుంటే, కళ్ళు మూసుకుని కాలేజీ బల్లమీద కూర్చున్నట్టుంది.

కాలేజీలో మా జంతుశాస్త్రం లెక్చరరు రక్తప్రసరణ మూడు వారాలు చెప్పాడు, ఎర్ర సుద్ద, నీలం సుద్ద, గుండె బొమ్మ బోర్డంత. లింఫుకు పది నిమిషాలు. శోషరసం అని బోర్డుమీద రాసి, దాని రంగు సుద్ద దొరకలేదన్నట్టు చేతులు దులుపుకుని, పరీక్షకు రాదు లెండి అన్నాడు. నేను అదే చదివాను. కప్పకు నాలుగు లింఫు గుండెలుంటాయి, మనిషికి ఒక్కటీ లేదు. ఎంత ఏడుపొచ్చిందో ఆ వాక్యం చదివి, కప్పపాటి చెయ్యమా మనం! మన లింఫుకు తోసేవాళ్ళు లేరు. మనం నడిస్తే, ఊపిరి పీలిస్తే, చెయ్యి ఎత్తితే, ఆ కండరాల ఒత్తిడికి అది ఒక మెట్టు ఎక్కుతుంది, వెనక చిన్న తలుపు పడుతుంది, ఇంకో మెట్టు ఎక్కుతుంది. రక్తం దొరబాబులాగా చప్పుడు చేసుకుంటూ ఒళ్ళంతా తిరిగి, వెళ్ళిన చోటల్లా కాస్త ఒలకబోసి, ఎక్కువభాగం తనే వెనక్కి తీసుకుని, తీసుకోలేనిది వదిలేసి పోతుంది. ఆ వదిలేసినదాన్ని, రోజుకు రెండు మూడు లీటర్లు, నీళ్ళూ మాంసకృత్తులూ చచ్చిన కణాలూ దారితప్పిన క్రిములూ, ఎవరో ఒకరు ఎత్తి, గ్రంథి గ్రంథి దగ్గరా జల్లెడ పట్టి, పనికొచ్చేది తిరిగి అప్పజెప్పాలి. పేగుల దగ్గర తిన్న కొవ్వునంతా మోసుకొచ్చేదీ అదే, అప్పుడు పాలలా తెల్లబడుతుందట. ఒకరోజు మానేస్తే గాని ఇలాంటి పని ఒకటి జరుగుతోందని ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్ళయ్యాక ఈ పాఠం నాకు ఇంకా బాగా అర్థమైంది.

చేతులు మెడనుంచి కుడి చంకకు మారాయి. ఇక్కడ గ్రంథులన్నీ భద్రంగా ఉన్నాయి. ఎడమవైపు నిలిచినదాన్ని ఛాతీ మీదుగా ఈ దారికి మళ్ళించాలట. చంక, మెడ, గజ్జలు, గుంటలున్న చోటల్లా గుంపులు గుంపులుగా ఉంటాయి, ఒళ్ళు మొత్తం మీద ఆరేడు వందలు. చిన్నప్పుడు నేను చెప్పుల్లేకుండా పరిగెత్తి కాలివేలు చితక్కొట్టుకుంటే, రెండోరోజుకు తొడ మొదట్లో నొప్పి పుట్టేది. అమ్మ "బిళ్ళ కట్టింది, ఏం ఫర్వాలేదు, కాలు తగ్గితే అదే పోతుంది" అనేది. దెబ్బ తగిలింది ఒకచోట, ఊరుకోక లేచింది ఇంకోచోట. అక్కకు అప్పుడు పన్నెండేళ్ళు, నాకు ఏడు. చూడనివ్వవే, చూడనివ్వవే అని బతిమాలి, నన్ను మంచంమీద పడుకోబెట్టి, వేలితో అక్కడక్కడ తడిమి, ఒక్కసారి ఆగిపోయింది. "ఉందే! గోలీ అంత ఉంది. నొక్కితే జారుతోంది." ఆ ముఖం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. జీవితంలో ఆవిడ కనిపెట్టిన మొదటి గ్రంథి నాదే. ఆ తర్వాత వారం రోజులు స్నేహితులందర్నీ తీసుకొచ్చి చూపిస్తానంటే నేను గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. ఎన్ని వేల మంది కొవ్వులో వెతికిందో తర్వాత. చివరికి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

సొంతవాళ్ళది వస్తే ల్యాబులో ముట్టుకోరు, పక్కవాళ్ళకు ఇస్తారు, అది వాళ్ళ పద్ధతి. ఈవిడే ఒకప్పుడు నాకు చెప్పింది. అయినా డబ్బా మీద నా పేరు చూసి తనే తీసుకుంది. ఎలా తీసుకుందో ఊహించడం ఈ మూడు రోజులుగా నా పని. చేతొడుగులు వేసుకుని ఉంటుంది. తల పక్కకు వంచి ఉంటుంది. ఒకటి, రెండు, మెత్తగా, చిక్కుడుగింజల్లా, ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టి ఉంటుంది. తర్వాత ఎన్నోదో, గులకరాయిలా గట్టిగా తగిలి ఉంటుంది. మైక్రోస్కోపు దాకా అక్కర్లేదు ఆ వేళ్ళకు. ఆ సాయంత్రం వార్డుకు వచ్చి నా మంచం పక్కన కూర్చుని, "గడ్డ తీసేశారు. చంకలో రెండో మూడో తీసి చూశారు, శుభ్రంగా ఉన్నాయి. మందులు ముందు జాగ్రత్తకే" అంది. నేను హాయిగా నిద్రపోయాను. మర్నాడు సర్జను వచ్చి నావైపు పావు చూపు చూసి, "అన్నీ మీ అక్కకు చెప్పాను. ఇంట్లోనే నిపుణురాలు, ఇంకేం భయం" అని వెళ్ళిపోయాడు. ఇంటికి పంపేటప్పుడు అందరికీ ఇచ్చే జాగ్రత్తల కాగితం కూడా, స్టాఫువాళ్ళ చెల్లెలు కదా అని, ఆవిడ చేతికే ఇచ్చి ఉంటారు. మా ఆయనకు తెలుసా అని ఒక రాత్రంతా ఆలోచించాను. తెలియదు. ఆయనకు రహస్యం చెబితే చెవులు ఎర్రబడతాయి. పుట్టినరోజుకు నాకేం కొన్నారో చెవులు చూసే కనుక్కుంటాను.

ఏడాదిన్నర క్రితం గడియారం పట్టీ ఒక రంధ్రం జరిగింది. తర్వాత ఇంకోటి. జాకెట్టు చెయ్యి ఎడమవైపు బిగిసింది. అక్క ప్రతి ఆదివారం వచ్చేది, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకునేది, ముంజేతిమీద బొటనవేలు నొక్కిపెట్టి తీసేది. గుంట పడేది. అది మెల్లగా పూడేదాకా ఇద్దరం చూస్తూ కూర్చునేవాళ్ళం, సముద్రం ఒడ్డున ఇసుకలో అడుగులు చూసినట్టు. "నీరే. ఉప్పు తగ్గించు" అంది. తగ్గించాను. తగ్గలేదు. మానేశాను. ఏడాదికి పైగా మా ఇంట్లో ఉప్పు లేని తిండి. మా ఆయన ఒక్కమాట అనలేదు. ఆఫీసు బల్ల సొరుగులో ఉప్పు పొట్లం ఉందని ఆయన గుమస్తా చెబితే, ఇంకో ఆడదాని సంగతి బయటపడినంత గొడవ చేశాను పాపం. నువ్వు లావవుతున్నావేమో అన్నారొకరు, ఆ పక్కకు తిరిగి పడుకోకన్నారు ఇంకొకరు, వయసన్నారు అందరూ. ఒక చెయ్యి మాత్రం ముందుగా ముసలిదవుతుందా? అడిగాను అక్కని. నవ్వింది. అదీ నాకు మింగుడుపడనిది. ఒక్కసారి చెప్పిన అబద్ధమైతే భయంలో నోరు జారిందనుకోవచ్చు. ఇది ఆదివారం ఆదివారం చెప్పిన అబద్ధం, నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నొక్కి చూసి, గుంట లోతు కొలిచి మరీ చెప్పినది. నేను జంతుశాస్త్రం చదివినదాన్ని, ఇరవై ఒకటి అని చెబితే చాలు, మిగతాది నాకు నేనే తెలుసుకునేదాన్ని. బహుశా అందుకే చెప్పలేదు.

"మొదట్లోనే వచ్చుంటే ఒక తొడుగుతో సరిపోయేదమ్మా" అంటోంది ఆ అమ్మాయి, ఇప్పుడు భుజం దగ్గర. పైచెయ్యి ముందు, తర్వాత ముంజెయ్యి, ఆఖర్న వేళ్ళు, అన్నీ పైకే. నిలిచిపోయిన లింఫులో మాంసకృత్తులు పేరుకుంటాయట, అవి ఇంకా నీటిని లాగుతాయట, ఏళ్ళు గడిస్తే లోపల పీచులా గట్టిపడి అప్పుడు నొక్కినా గుంట పడదట. "మీకింకా పడుతోంది. అదృష్టం." నాకు నవ్వొచ్చింది. మూడు రోజులుగా నా గొంతు కింద ఒకటి అలాగే పేరుకుంటోంది. దాన్ని మాత్రం ఎటు తొయ్యాలో తెలియడం లేదు. సంచీలోంచి కాగితం తీసి విసిరేస్తే ఒక్క నిమిషం పని. కానీ అప్పుడు నేను పట్టుకున్నట్టవుతుంది, ఆవిడ చెప్పినట్టవదు. నాకు ఆవిడ చెప్పాలి. అంతకుమించి ఇంకేమీ అక్కర్లేదు, చెయ్యి తగ్గకపోయినా సరే అనిపిస్తోంది, ఇది ఎంత తెలివితక్కువ కోరికో తెలిసి కూడా. గోడ గడియారంలో పన్నెండు నిమిషాలు మిగిలాయి.

తెర జరిగింది. "రండమ్మా, కట్టు నేర్చుకుందురుగాని. ఒంటి చేత్తో ఎవరూ కట్టుకోలేరు, రోజూ ఇంట్లో ఒకరు కట్టాలి." అక్క లేచి వచ్చింది, అప్పుడే చేతులు కూడా తుడుచుకుంది. "నేను కడతాను" అంది. "వద్దు" అన్నాను. "మా ఆయన నేర్చుకుంటారు." అక్క నావైపు చూసింది. "ఆయనకు బూటు తాడే కట్టుకోవడం రాదు కదే" అంది, మామూలుగా. నేను కప్పు వైపు చూశాను. ఆ అమ్మాయికి ఇదేం పట్టలేదు. ఇవాళ్టికి ఈవిడ ఉన్నారు కదా అని పట్టీ చుట్ట అక్క చేతిలో పెట్టింది. ముందు వేళ్ళు ఒక్కొక్కటీ, తర్వాత అరచెయ్యి, ఆపైన దూది పొర, దానిమీద సాగని పట్టీ, కింద గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా. ఇది కట్టాక చెయ్యి ఆడిస్తుంటే కండరం పట్టీకి ఒత్తుకుని లింఫును తోస్తుందట. చూశావా, చివరికి గుండె లేని లోటు గుడ్డముక్క తీరుస్తోంది. అక్క బాగా కడుతోంది. బాగా కడుతుందని నాకు తెలుసు. ఆవిడ వేళ్ళు నా వేళ్ళ మధ్య తిరుగుతుంటే ఏడేళ్ళ పిల్లలా చెయ్యి లాక్కోవాలనిపించింది, లాక్కోలేదు.

ఆ అమ్మాయి చార్టు చూస్తూ, "ఒక సంగతమ్మా. రెండు మూడు గ్రంథులే తీస్తే ఇంత వాపు సాధారణంగా రాదు. అలాంటప్పుడు జబ్బు మళ్ళీ వచ్చి దారికి అడ్డుపడిందేమో చూడాలి. స్కానుకు రాస్తాను. భయపడకండి, చూడటం మంచిది" అంది. నాకు భయం వెయ్యలేదు, ఎందుకు వాచిందో నాకు తెలుసు. అక్క చేతిలో పట్టీ ఆగింది. నేను ఆవిడ ముఖంలోకి చూశాను. బెదిరినట్టు పెదవులు కూడా వణికించాను, ఆ పాపం నాదే. "మళ్ళీ వచ్చిందంటారా?" అన్నాను.

"రాలేదు" అంది అక్క. "స్కాను రాయకండి. చార్టులో అది కొట్టేయండి."

"ఏది కొట్టెయ్యాలమ్మా?"

"రెండో మూడో కాదు. ఇరవై ఒకటి."

ఆ అమ్మాయి పెన్ను ఎత్తి ఆగిపోయింది. "మీకు సరిగ్గా గుర్తుందా?"

"గుర్తుండటమేంటమ్మా. తీసింది సర్జను, అందులోంచి ఏరింది నేను. రెండు గట్టిగా తగిలాయి. పదకొండోదీ, పదిహేడోదీ." పట్టీ ఒక చుట్టు జారిపోయింది, ఆవిడ చూసుకోలేదు. ఇప్పుడు నావైపు తిరిగింది. "నోరు విప్పితే ఆ జబ్బు నిజంగా నీదైపోతుందనిపించింది. మూసుకుంటే నా వేళ్ళ దగ్గరే ఆగిపోతుందనుకున్నాను. ఆ తర్వాత నీ చెయ్యి వాచింది, అప్పుడు చెబితే ముందెందుకు చెప్పలేదంటావని... చెప్పలేదు. ఆ జాగ్రత్తల కాగితం కూడా నా దగ్గరే పెట్టుకున్నాను."

పక్క తెరల వెనక మాటలు ఆగాయి. ఎవరో దగ్గారు.

"నాకు సరిగా వినిపించలేదు, అక్కా" అన్నాను.

నాకు వినిపించిందని ఆవిడకు తెలుసు. అయినా నా వాచిన చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడా నొక్కకుండా, ఈసారి గది మొత్తానికి వినపడేలా చెప్పింది.

"తప్పు చేశానే. నీకు చెప్పకపోవడం తప్పు. ఆ తప్పు ఇంకెవరిదీ కాదు, నాదే."